చర్చి గేటు రాయి, మా సోషల్ సారు

మా సోషల్ సారు పోయారన్న కబురు మా పెదనాన్న ఫోనులో చెప్పారు. ఆ సమయానికి నేను బేతంచెర్లలో నా పాలిష్ ఫ్యాక్టరీ ముందు నిలబడి, బండల లోడు కోసం ఆలస్యంగా వచ్చిన లారీ డ్రైవరు మీద కేకలేస్తున్నాను. "రేయ్, మీ అయ్యవారు పాయెరా. పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూసున్నోడు కూసున్నట్లే పాయె" అని చెప్పి పెట్టేశారు. పెదనాన్నకు ఫోనంటే చిరాకు. అవతలివాడు విన్నాడా లేదా అని కూడా చూడరు. కానీ ఆ రోజు ఆ గొంతు ఎందుకో నాకు ఆయనది కాదేమో అనిపించింది. సారూ ఆయనా ఒకే ఈడువాళ్ళు. మా ఊరి మిషన్ బడిలో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. ఆ తర్వాత దాదాపు బతుకంతా వాదించుకుంటూనే గడిపారు.

డ్రైవరుతో "నీ ఇష్టం వచ్చినప్పుడు ఎక్కించుకోప్పా" అని చెప్పి మోటారుసైకిలు తీశాను. అంతసేపు తిట్టినవాడు ఇంత మెత్తబడ్డాడేమిటా అని అతను నన్ను అనుమానంగా చూశాడు. ఊరికి పోయే దారి పొడుగునా నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆయన్ని అడగాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి, చెప్పాపెట్టకుండా పోతే ఎట్లా అని.

సారు పేరు ఇక్కడ రాయను. తన గురించి ఎవరైనా వేదికెక్కి నాలుగు మంచి మాటలు చెప్తే, చెప్పులు వెతుక్కుంటూ బయటికి పోయే రకం ఆయన. మా ప్రాంతంలో చదువుకున్న చాలామందికి ఆయన సోషల్ సారు, అంతే.

మిషన్ బడిలో పనిచేసి రిటైరయ్యాక సారు మా ఊళ్ళోనే, చర్చి వీధిలో, తన తాత కట్టిన బండల ఇంట్లో ఉండిపోయారు. భార్య ముందే పోయారు. కూతురు కడపలో నర్సు. ఆమె రమ్మని ఎంత పిలిచినా, "ఆడ నాతో కొట్లాడేదానికి ఎవరుండారు?" అనేవారు. ఆయన కొట్లాటలో గొంతు పెంచడం ఉండదు. మనం ఏదైనా గట్టిగా చెప్పగానే, "సరే, అట్లనే అనుకుందాం. ఆపైన?" అని అడిగి, మన ముఖంలోకి ప్రేమగా చూస్తూ కూర్చుంటారు. ఆ 'ఆపైన' దెబ్బకు మా ఊళ్ళో చాలామంది పెద్దపెద్ద మాటలు సగంలో మింగేశారు. నేనైతే లెక్కలేనన్ని మింగాను. నన్ను పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశారు. "ఏం పాలిష్, నీ గరుకు ఏమన్నా తగ్గిందా?" అని పలకరించేవారు.

సంఘ పెద్దగా చర్చిలో ప్రార్థన చేసే వంతు వస్తే, ఊళ్ళో వాళ్ళ కష్టాలన్నీ పేరుపేరునా చెప్పుకొచ్చేవారు. ఒక ఎండాకాలం మా పెదనాన్న బోరు ఎండిపోయింది. ఆ ఆదివారం సారు కళ్ళు మూసుకుని, "ప్రభువా, నా దోస్తు బోరు ఎండిపోయింది. నోరు మాత్రం బాగా పారుతాండాది. దాన్ని రోంత ఆపి, దీన్ని రోంత పారించు" అన్నారట. సంఘమంతా కళ్ళు మూసుకునే నవ్వింది. మధ్యాహ్నానికల్లా ఆ మాట మా ఇంటికి చేరింది. "నా బోరు సంగతి వాళ్ళ దేవునికి ఏంటికి?" అని పెదనాన్న చిందులు తొక్కారు గానీ, తర్వాతి ఆదివారం కూడా ప్రార్థన చేశాడా లేదా అని నన్నే ఆరా తీసి రమ్మన్నారు.

రాజ్యాంగ పీఠిక పాఠం ఆయన చెప్పిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. బోర్డు మీద న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అని రాశారు. ఒక్కో మాటనూ చేత్తో మూసి, ఇది తీసేస్తే మన ఊళ్ళో ఏం మారుతుందో చెప్పమన్నారు. న్యాయం తీసేస్తే పోలీస్ స్టేషనుకు పోయి లాభం లేదు సార్ అన్నాడొకడు. స్వేచ్ఛ తీసేస్తే నోరెత్తలేం అన్నారు. సమానత్వం దగ్గర వెనక బెంచీలో చిన్న గలాటా అయింది. చివరి మాటను మూసినప్పుడు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు. సారు చాలాసేపు ఎదురుచూసి, చెయ్యి తీసేశారు. "చూసినారా, దీన్ని ఎవరన్నా ఎత్తుకుపోయినా మనకు తెలీదు. అందుకే ముందు పోయేది ఇదే" అన్నారు. పరీక్షలో వచ్చే ప్రశ్న కాదు కాబట్టి అప్పుడు మేం రాసుకోలేదు.

సాయంత్రాలు మా పెదనాన్న అరుగు మీద వీళ్ళిద్దరి పంచాయితీ నడిచేది. పెదనాన్న ఒకప్పుడు సర్పంచి. ఏదో ఒకటి అని సారును గిల్లకపోతే ఆయనకు సంగటి దిగదు. ఒకరోజు పేపరు మడిచి పక్కన పడేసి, "ఏమప్పా అయ్యవారూ, మీ మతం తెల్లోళ్ళు తెచ్చింది గదా. ఈ దేశం పునాదిలో మీ భాగం ఏముండాది?" అన్నారు.

"మిరపకాయ గుడక తెల్లోళ్ళ పడవల్లో వచ్చిందే. నీ సేన్లో ఏసే బుడ్డలూ అంతే. రేపట్నుంచి రెండూ మానెయ్ సూద్దాం" అన్నారు సారు.

బుడ్డలు అంటే వేరుశెనగ. అది లేకపోతే పెదనాన్న సేద్యమే లేదు. ఆయన మాట మార్చబోయారు గానీ సారు వదల్లేదు. సారు గొంతు మారింది. "మా తాత క్వారీలో రాయి కొట్టినోడు. ఆయనకు అక్షరం నేర్పించింది మిషన్ బడి. ఆయన చదివిన మొదటి పుస్తకం సువార్త. నేను పిల్లోళ్ళకు చెప్పింది రాజ్యాంగం. ఆ మొదటిది లేకుంటే ఈ రెండోది నా చేతికి వచ్చుండదప్పా. అది మా భాగం. ఇంకొకటి చెప్తా. రాజ్యాంగం రాసేటప్పుడు సభలో ఉన్న మావాళ్ళు మాకు వేరే సీట్లు వద్దు, పక్కనోళ్ళను నమ్ముకుంటాం అన్నారు. పునాదిలో మేం ఏసిన రాయి ఆ నమ్మకమే."

"నమ్మి ఏం బాగుపడినారు?" అన్నారు పెదనాన్న.

"అది నువ్వు చెప్పల్ల" అన్నారు సారు. పెదనాన్న నా వైపు చూసి, కాఫీ ఇంకా రాలేదేమని కసిరారు.

ఇదంతా చెప్పింది ఎందుకంటే, ఆయన తనవాళ్ళ భాగాన్ని తక్కువ చేసే మనిషి కాదని మీకు తెలియాలి. ఇది తెలియకపోతే తర్వాత చర్చిలో జరిగినదానికి ఆయన్ని అపార్థం చేసుకుంటారు. చేసుకున్నవాళ్ళు ఉన్నారు కూడా.

వేంపల్లె వైపు నుంచి మా ఊరి చర్చికి బదిలీ మీద కొత్త పాస్టరుగారు వచ్చారు. పొడుగ్గా, సన్నగా ఉండే కుర్రాడు. మంచివాడు, రోషగాడు. ఆయన వచ్చిన కొన్నాళ్ళకు పక్క పల్లెలో ఒక ఇంట్లో ప్రార్థన జరుగుతుంటే కొందరు వచ్చి ఆపేశారు. ఈ దేశం మీది కాదు పొమ్మన్నారు. ప్రార్థన నడిపిస్తున్న పాస్టరుగారి చేతిలో పుస్తకం లాగి కింద పడేశారు. ఆ అవమానం ఆయన మనసులోంచి పోలేదు. ఎందుకు పోతుంది?

తర్వాత చర్చి యువకులు నా ఫ్యాక్టరీకి వచ్చారు. చర్చి గేటు పక్కన నిలబెట్టడానికి పెద్ద బండ కావాలన్నారు. దాని మీద చెక్కాల్సిన మాట కూడా తెచ్చారు. 'భారత రాజ్యాంగానికి పునాది పరిశుద్ధ గ్రంథమే.' నేను రాతి వ్యాపారిని. దేవుళ్ళ పేర్లు, చనిపోయినవాళ్ళ పేర్లు, పార్టీల పేర్లు, అన్నీ చెక్కించి ఇస్తాను. మంచి బండ చూసి పాలిష్ పట్టించి, అక్షరాలు చెక్కించాను.

పని పూర్తయ్యాక సారు చూడటానికి వచ్చారు. అక్షరాల మీద అరచెయ్యి ఆనించి నెమ్మదిగా జరుపుకుంటూ పోయారు. "రాయి బాగుండాది పాలిష్. మాటే బరువెక్కువైంది" అన్నారు. సంఘం కమిటీలో ఈ మాట వద్దని అన్నది ఆయనొక్కరేనట. రాజ్యాంగ సభలో ఎవరో పీఠికను దేవుడి పేరుతో మొదలుపెడదామంటే ఓటింగు పెట్టి కాదనుకున్నారు, దేవుణ్ణి నమ్మే నాకు అది శానా నచ్చింది, 'ప్రజలమైన మేము' అన్నదాంట్లో అందరూ పడతారు, దాన్ని మనం వచ్చి మళ్ళీ ఇరుకు చెయ్యకూడదు అని చెప్పారట. ఎవరూ వినలేదు.

"మరి గట్టిగా ఆపించొచ్చు కదా సార్?" అన్నాను.

"వాళ్ళు దెబ్బ తిన్నారప్పా. దెబ్బ తిన్నోడు గొంతు పెంచుతాడు. ఆ గొంతు పట్టుకుంటే నేనూ ఆ వచ్చినోళ్ళలో ఒకడినైతా" అన్నారు.

రాయి ఆవిష్కరించే ఆదివారం చర్చిలో ప్రేమవిందు పెట్టారు. ఆరాధన అయ్యాక సంఘమంతా కలిసి భోంచేసే ఆచారం అది. మా ఊరి చర్చిలో ఎవరి కంచం వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకుంటారు. ఆవరణలో చాపలు పరిచి ఒకే వరసలో కూర్చుంటారు. క్వారీ కూలీ పక్కన హెడ్మాస్టరు, ఆయన పక్కన పాస్టరు. మా తాతల కాలంలో ఈ వరస చూడటానికే జనం గోడ ఎక్కేవాళ్ళట. ఆ ఆదివారానికి మమ్మల్ని కూడా పిలిచారు. పెదనాన్న, నేను, మా రైతుల వీధి పెద్దలు ఇంకొందరు. రాయి మీద మాట మేం చదవాలి కదా.

మేం పోయేసరికి షామియానా కింద కుర్చీలు, బల్లలు వేసి ఉన్నాయి. మాకు వేరే వంటమనిషితో వేరే వంట. కొత్త పేపరు ప్లేట్లు, నీళ్ళ సీసాలు. సంఘం వాళ్ళు ఎప్పటిలాగే చాపల మీద, ఇంటి కంచాలతో. ఎవరికీ తప్పుగా తోచలేదు. మాకు మర్యాద చేస్తున్నామని వాళ్ళనుకున్నారు, అది మర్యాదేనని మేమూ అనుకున్నాం. రాయికి ఎర్రగుడ్డ కప్పి ఉంది.

సారు గుడ్డసంచిలో కంచం పెట్టుకుని వచ్చారు. గేటు దగ్గరే ఆగిపోయి కుర్చీలు చూశారు, చాపలు చూశారు. నేరుగా పాస్టరుగారి దగ్గరికి పోయారు.

"అయ్యగారూ, ఇదేంటికి రెండు వరసలు?"

"పెద్దోళ్ళను పిలిచి కింద కూర్చోబెడితే బాగుంటుందా సార్? పైగా మన వంట వాళ్ళు తింటారో లేదో."

"తినకపోతే లేచిపోతారు. అది వాళ్ళ ఇష్టం. వాళ్ళ కంటే ముందు మనమే వేరు చేస్తే ఎట్ల?" సారు రాయి వైపు చెయ్యి చూపించారు. "ఆ గుడ్డ తీస్తారు. వాళ్ళు చదువుతారు. చదివి ఇట్ల తిరిగి చూస్తే ఏం కనపడ్తాది?"

పాస్టరుగారి ముఖం కందిపోయింది. "మీరెప్పుడూ మనదే తప్పంటారు సార్. నా చేతిలో పుస్తకం కింద పడేసిన రోజు మీరెక్కడున్నారు?" అన్నారు.

ఆ రోజు సారు సాయంత్రం దాకా పోలీస్ స్టేషను వరండాలో కూర్చుని, ఫిర్యాదు తీసుకునేదాకా లేవలేదని అక్కడున్న అందరికీ తెలుసు. పాస్టరుగారికీ తెలుసు. కోపంలో వచ్చిన మాట. సారు ఆ సంగతి ఎత్తలేదు. చాలా మెల్లగా అన్నారు. "నీది నొప్పి నాయనా. నాకు తెలుసు. నొప్పిని రాయి మీద చెక్కొద్దు. శానా కాలం ఉండిపోతాది."

తర్వాత షామియానా కిందికి వచ్చి పెదనాన్న ముందు నిలబడ్డారు. "ఏమప్పా, బడిలో ఒకే బెంచీ మీద కూసుంటిమి గదా. ఈడ కూసోలేవా?"

పెదనాన్న తల ఎత్తలేదు. "నాకు షుగరు. టయానికి తినల్ల. ఇంటికి పోతా" అని లేచి వెళ్ళిపోయారు. సారు నా వైపు చూశారు. క్లాసులో జవాబు కోసం చూసే చూపు అది. నేను అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాను. నిలబడ్డాక మళ్ళీ కుర్చీలో కూర్చోవడం బాగుండదు కాబట్టి పోయి చాప మీద కూర్చున్నాను. కొత్త ప్యాంటు, పట్టేసింది. సారు తన కంచం నా ముందు పెట్టి, తను పేపరు ప్లేటు తెచ్చుకున్నారు. ఆ కూర రుచి నాకు గుర్తులేదు. పక్కన ఆయన మోకాలు నా మోకాలికి తగులుతూ ఉండటం గుర్తుంది.

అంత జరిగాక ఆ రోజు ఎవరూ ఎర్రగుడ్డ తియ్యలేదు. రాయి ఇప్పటికీ చర్చి గోడకు ఆనించి, అక్షరాలు లోపలి వైపుకు తిప్పి ఉంది. ఈ గొడవ మాత్రం సారుకు చాలా ఖరీదు పడింది. సంఘం పరువు బయటివాళ్ళ ముందు తీశాడన్నారు. పెద్దరికం నుంచి తప్పించారు. ప్రార్థన చేసే వంతు మళ్ళీ ఆయనకు రాలేదు. మా పెదనాన్న అరుగు మీద కూడా పంచాయితీ ఆగిపోయింది. సాయంత్రాలు సారు ఒంటరిగా తన ఇంటి ముందు కూర్చుని బుడ్డలు ఒలుచుకుంటూ ఉండేవారు. నేను పోతే, "ఏం పాలిష్, ఇద్దరితోనూ చెడింది. దేశసేవ అంటే ఇదే" అని నవ్వేవారు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. ఆయన బాధపడ్డారు. ఆయన కట్టుకున్న బతుకంతా ఆ ఒక్క వరస మీద ఉంది. అటువాళ్ళూ ఇటువాళ్ళూ కూడా ఆ వరసలో ఆయన పక్క ఖాళీ చేసి పోయారు.

నేను పోయేసరికి సారును పెట్టెలో పడుకోబెట్టారు. కూతురు కడప నుంచి వచ్చేసింది. పెట్టె కాళ్ళ వైపు పాస్టరుగారు తెల్ల అంగీలో నేల మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి, అడగకుండానే చెప్పారు. "నాతో అంత జరిగినా ఒక్క ఆదివారం మానలేదన్నా. వచ్చి మోకరించి నా చేతి నుంచే ప్రభువు బల్ల రొట్టె తీసుకునేవాడు. ఆయన చేతిలో పెట్టేటప్పుడు నేను ఒక్కసారి గుడక ఆయన ముఖం చూడలేకపోయిన." అంగీ చేతితో ముఖం తుడుచుకున్నారు.

ఆరాధన అయ్యాక పెట్టె ఎత్తుతుంటే కూతురు, ఏ దారిన పోతున్నాం అని అడిగింది. అడగడానికి కారణం ఉంది. సమాధుల తోటకు మా రైతుల వీధి గుండా పోతే దగ్గర. కానీ చర్చి వీధి నుంచి ఏ పెట్టే ఎప్పుడూ మా వీధిలోకి రాలేదు. రావద్దని ఎక్కడా రాసి లేదు. అందరూ క్వారీ వెనక రాళ్ళ దారిన చుట్టు తిరిగే పోతారు, అంతే. పాస్టరుగారు, "ఎప్పుడూ పోయే దారే అమ్మా. ఈ రోజు ఎవరితోనూ మాట వద్దు" అన్నారు. అందరూ తలలు వంచుకుని క్వారీ వైపు తిరిగారు.

"ఏంటికప్పా అంత సుట్టు?"

వీధి మలుపులో పెదనాన్న నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో ఎవరూ చూడలేదు. కాళ్ళకు చెప్పులు లేవు. "మా ఈది ల్యాదా? ఆ రాళ్ళ దారిన మీవాళ్ళందర్నీ మోసుకొని శానా నడిచినాడు అయ్యవారు. ఇంక సాలు" అన్నారు. అందరూ పాస్టరుగారి వైపు చూశారు. ఆయన ఒక్క క్షణం పెదనాన్నను చూసి, పెట్టెను మా వీధి వైపు తిప్పమని చెయ్యి ఊపారు.

పెదనాన్న వచ్చి పెట్టె ముందు వైపు మూల కొమ్ము కింద భుజం పెట్టారు. పాస్టరు పెట్టె ముందు పుస్తకం పట్టుకుని నడవాలి, మోయకూడదు. ఆయన పుస్తకం తీసి సారు కూతురి చేతికిచ్చి, రెండో కొమ్ము కిందికి వచ్చారు.

మా వీధిలోకి అడుగుపెట్టాం. అరుగుల మీద ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఒక ఇంటి తలుపు మూసుకుంది. మూసుకోనీ. నేను వెనక కొమ్ము మోస్తున్నాను. అప్పుడే పెట్టె ముందు భాగం ఒక పక్కకు వాలుతోందని గమనించాను. పెదనాన్న పొట్టివారు, పాస్టరుగారు బాగా పొడుగు. ఆగి మనుషుల్ని మారుస్తారేమో అనుకున్నాను. పాస్టరుగారు ఆగలేదు. మోకాళ్ళు వంచి, భుజాన్ని పెదనాన్న భుజమంత కిందికి దించారు. తెల్ల అంగీ అంచు మా వీధి మట్టిలో ఈడ్చుకుంటూ, సమాధుల తోట గేటు దాకా ఆయన అట్లాగే వంగి నడిచారు.